జర్మనీ కారులోకి నీళ్లెక్కడివి

2019 సంవత్సరం. కొత్తకోట బైపాస్ పక్కన నా మెకానిక్ షెడ్డు. మా ఊళ్లు వనపర్తి జిల్లాలోకి పోయి అప్పటికి రెండు మూడేళ్లయినా నా ఇంగ్లీషు బోర్డు మీద ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉండేది. మార్చడానికి పెయింటర్ దొరకడం లేదని అందరికీ చెప్పేవాణ్ని. అసలు సంగతేమంటే, ఆ బోర్డు మీద నేను తడుముకోకుండా చదవగలిగిన ముక్క అదొక్కటే. ఏడో తరగతిలో ఇంగ్లీషు నన్ను వదిలేసింది, నేను బడిని వదిలేశాను. ఆ తర్వాత వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కార్ల డ్యాష్‌బోర్డు మీద నేర్చుకున్నవే. మా బావమరిది పెళ్లి పత్రిక ఇంగ్లీషులో అచ్చేసి పంపితే అందులో 'చెక్ ఇంజిన్' ఎక్కడుందో వెతికి, దొరక్క, ముహూర్తం ఎప్పుడని ఫోన్ చేసి అడిగినవాణ్ని నేను.

మాది హైదరాబాద్–బెంగళూరు రోడ్డు కాబట్టి ట్రాక్టర్లు, టిప్పర్లతో పాటు విదేశీ కార్లు కూడా దారిలో అలిగి నా షెడ్డు ముందు ఆగుతుంటాయి. అలా ఆగినవాటి మీదే ఆ పని నేర్చుకున్నాను. తర్వాత ఒక స్కానర్ కూడా కొన్నాను. స్కానర్ అంటే కారులోని కంప్యూటర్‌కు తగిలిస్తే దాని బాధలు చదివి చెప్పే చేతిపెట్టె. అది ఎక్కడ నొప్పో చెబుతుంది, ఎందుకు నొప్పో చెప్పదు. ఎందుకో కనుక్కోవడమే మెకానిక్ పని. ఈ తేడా నాకు బాగా తెలుసని అనుకునేవాణ్ని.

నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటుంది. బయటి దేశం కారు కొనాలంటే ఖరీదైన లగ్జరీ కారు నమ్మకమా, మామూలు రకం నమ్మకమా అని. నా జవాబు సిద్ధంగా ఉండేది. "జర్మనీ కారు కొత్తల్లుడు. మర్యాదల ఒక్క గిన్నె తక్కువైనా అలిగి పండుకుంటడు. జపాన్ కారు ఇల్లరికం అల్లుడు. ఏం పెడితే అది తింటడు, ఎక్కడ పండమంటే అక్కడ పంటడు." అడిగినవాళ్లు నవ్వేవారు. నవ్వినవాళ్లు రెండో ప్రశ్న వేయరు. అందువల్ల నా జవాబు సరైందో కాదో చాలాకాలం నాకే తెలియలేదు.

ఆ ఇద్దరు అల్లుళ్లూ ఒకే ఇంట్లో ఉన్న చోటు ఒకటి మా దగ్గర ఉంది. కొత్తకోటకు ఐదారు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. అక్కడ సుదర్శన్ సారు అని రోడ్ల కాంట్రాక్టర్. రెండు కార్లూ విదేశంలోనే తయారై ఓడలో దిగినవి. ఒకటి జపాన్ నుంచి వచ్చిన మామూలు రకం బండి, పన్నెండేళ్ల పాతది. సారు భార్య అనసూయమ్మ ఊరి సర్పంచ్. మురుగు మోరీలు, నీళ్ల ట్యాంకు, ఉపాధి పనులు చూడ్డానికి ఆమె ఆ బండిలోనే తిరిగేది. రెండోది జర్మనీ లగ్జరీ కారు, సారుకు ప్రాణం. పాత బండి రేకుల షెడ్డు కింద ఉండేది. కొత్త కారు మాత్రం గేటు పక్కన ఆరుబయట నిలబెట్టేవారు. రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడాలి గదా.

రెండింటికీ డ్రైవర్ ఒకడే, దావీదు. వాళ్ల నాయిన ఆ ఇంట్లోనే పాలేరుగా పనిచేశాడు. దావీదు చిన్నప్పుడు ఆ ఇంటి ట్రాక్టర్ కడిగాడు, పెద్దయ్యాక తోలాడు, తర్వాత కార్ల తాళాలు అతని చేతికి వచ్చాయి. వాళ్ల వాడకట్టులో తెల్ల చొక్కా వేసుకుని పనికి పోయిన మొదటి మనిషి అతనే. పదకొండేళ్లుగా ఒక్క గీత పడకుండా నడిపాడు. కారు దిగేటప్పుడు తలుపు వేసే శబ్దం కూడా వినపడనిచ్చేవాడు కాదు. నేనైతే "దావీదు తలుపు ఎయ్యడు, నిద్రపుచ్చుతడు" అనేవాణ్ని. దానికి అతను కూడా నవ్వేవాడు.

జూన్‌లో మొదటి వానలు పడిన వారం. సారు హైదరాబాద్ బయలుదేరితే టోల్‌గేటు దగ్గర జర్మనీ కారు ఆగిపోయింది. ఊరికే ఆగలేదు. గేరు పడదు, అద్దాలు వాటంతటవే దిగుతాయి, హారన్ ఆపకుండా మోగుతుంది. వెనక ఇరవై బండ్లు. టోల్‌గేటు వాళ్లు పక్కకు తోయమని అరుస్తుంటే సారు దిగి నిలబడాల్సి వచ్చింది. క్రేన్ మీద నా షెడ్డుకు తెచ్చేసరికి ఆయన ముఖం మాడిపోయి ఉంది. షెడ్డులో అప్పుడు నలుగురైదుగురు డ్రైవర్లు తమ బండ్ల కోసం కూర్చుని ఉన్నారు.

"ఏం యాదగిరీ, ఏమైంది దీనికి? టోల్‌గేటు కాడ నా ఇజ్జత్ తీసింది" అన్నారు సారు.

స్కానర్ పెట్టాను. కారులో ఏ భాగమూ ఇంకో భాగంతో మాట్లాడటం లేదని చూపించింది. నాకు అనుమానం వచ్చి ఎడమవైపు ముందు సీటు కింద తివాచీ ఎత్తాను. కింద నీళ్లు. తివాచీ అడుగున ఉండే స్పాంజి పిండితే సగం బొక్కెన వచ్చేట్టుంది. ఆ నీళ్ల మధ్యలో మాడ్యూల్. మాడ్యూల్ అంటే కారు కంప్యూటర్లలో ఒకటి, అరచేతి కంటే కొంచెం పెద్ద నల్లపెట్టె. ఆ కారులో దాన్ని నేల మీద, తివాచీ కింద పెట్టారు. అది పూర్తిగా మునిగింది.

"కారుల నీళ్లెక్కడివిరా?" అని సారు దావీదు వైపు తిరిగారు.

దావీదు నాకు చెప్పాడు, ఆయనకు కాదు. "అన్నా, నేను పైపు పట్టలె. బొక్కెనల బట్ట ముంచి తుడుస్త, అంతే. మొన్న వాన పడ్డంక పైన గుడ్డ జర తడి తడిగ అనిపిస్తాంది. ఒక్కపారి పైన సూడన్నా."

అతను చూడమన్నది పైకప్పు. చూడడానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది. కానీ అప్పటికే నా నాలుక మీదికి ఒక మాట వచ్చేసింది. షెడ్డులో నలుగురున్నారు, అందరూ నా ముఖమే చూస్తున్నారు. అలాంటప్పుడు నోరు మూసుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

"సారూ, మీ దావీదు కారును కడగలె. బాప్తిస్మం ఇచ్చిండు. పాపాలన్ని పొయినయి, కారు గూడ పొయింది."

డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఒకడైతే టైరు మీద కూర్చున్నవాడు వెనక్కి పడబోయాడు. సారు కూడా నవ్వారు. ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, దావీదు ముందు చెయ్యి చాపారు.

"తాళం చెవి ఇయ్యిరా."

దావీదు జేబులోంచి తాళం తీశాడు. చేతిరుమాలుతో ఒకసారి తుడిచి ఆయన చేతిలో పెట్టాడు. కారులోంచి తన గొడుగు, నీళ్ల సీసా తీసుకున్నాడు. నా వైపు చూడలేదు. బైపాస్ వెంట వాళ్ల ఊరి దిక్కు నడుచుకుంటూ పోయాడు. తెల్ల చొక్కా కనబడినంత దూరం నేను చూశాను. సారు కోపం రెండ్రోజుల్లో తగ్గుతుంది, మళ్లీ పిలుస్తారు అనుకున్నాను. నేను అన్నది నవ్వించడానికి, తీర్పు చెప్పడానికి కాదు. కానీ చేతిలో స్కానర్ పట్టుకున్న మనిషి ఏమన్నా కారు యజమానికి అది తీర్పే.

కారు హైదరాబాద్ పోయింది. అక్కడ చెడిన పెట్టె తీసి కొత్తది వేసి, తివాచీ ఆరబెట్టి పంపారు. నీళ్లెక్కడివని వాళ్లు వెతకలేదు. వెతకాల్సిన పని కూడా వాళ్లకు రాలేదు. డ్రైవర్ పైపు పెట్టి లోపల కడిగాడని, మా మెకానిక్కే చెప్పాడని సారే చెప్పారట. తెలిసిపోయిన కారణాన్ని ఎవరూ మళ్లీ వెతకరు.

మా రోడ్డు మీద డ్రైవర్ ఉద్యోగాలు ఎలా దొరుకుతాయో చెప్పాలి. కాగితాలు ఎవరూ చూడరు. బైపాస్ మీద ఒక చాయ్ హోటల్ ఉంది. పొద్దున ఏడు గంటలకు లారీ, కారు, ట్రాక్టర్ డ్రైవర్లందరూ అక్కడ చేరతారు. ఎవరికైనా డ్రైవర్ కావాలంటే అక్కడికే కబురు వస్తుంది. "ఫలానా ఆయన ఎట్లాంటోడు?" అని అడుగుతారు. అక్కడున్నవాళ్లు ఏం చెబితే అదే వాడి సర్టిఫికెట్. దావీదు పేరు ఎత్తగానే ఇప్పుడు ఎవరో ఒకరు నా మాట చెప్పేవారు, మిగతావాళ్లు నవ్వేవారు. అడగడానికి వచ్చినవాడు కూడా నవ్వి, ఇంకో పేరు అడిగేవాడు. నెల తిరిగేసరికి అతనికి 'ముంచుడు దావీదు' అని పేరు పడిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. రెండుసార్లు హోటల్‌లో ఆ జోకు నా చేతే మళ్లీ చెప్పించారు. చెప్పాను.

జులై, ఆగస్టుల్లో చినుకులే తప్ప గట్టి వాన పడలేదు. సెప్టెంబర్‌లో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున సారు తానే కారు నడుపుకుంటూ నా షెడ్డుకు వచ్చారు. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ బతుకమ్మలా వెలుగుతున్నాయి.

"మళ్ల గదే లొల్లి. కొత్త పెట్టె ఏసి మూణ్నెల్లు కాలె. నువ్వు చెప్పిందే నిజం యాదగిరీ, జర్మనీ కారంటే కొత్తల్లుడే."

తివాచీ ఎత్తాను. నీళ్లు. జూన్‌లో ఉన్నంత కాదు, కానీ అదే చోట, అదే వాసన. వేలు ముంచి చూసి, సారు వైపు తిరిగాను.

"సారూ, గీ మూణ్నెల్లు కారు ఎవరు కడిగిండ్రు?"

"ఎవ్వరు కడగలె. డ్రైవరే లేడాయె. వాన కడుగుతాంది."

దావీదు లేడు. నీళ్లు మాత్రం వచ్చాయి.

సారును ఇంటి దగ్గర దింపించి, షట్టర్ దించి, అతను జూన్‌లో చూడమన్న చోటు అప్పుడు చూశాను. ఆ కారుకు సన్‌రూఫ్ ఉంది. కప్పు మధ్యలో తెరుచుకునే అద్దం. దాని చుట్టూ ఎంత రబ్బరు బిగించినా కొన్ని నీళ్లు లోపలికి దిగుతాయి. అది కారు చేసినవాళ్లకూ తెలుసు. అందుకే అద్దం చుట్టూ ఒక చిన్న కాలువ పెట్టి, నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు పెడతారు. ఆ రంధ్రాల నుంచి సన్నటి రబ్బరు గొట్టాలు కారు స్తంభాల లోపలి నుంచి దిగి కారు బయట నేల మీద నీళ్లు వదులుతాయి. వీటిని డ్రెయిన్ ట్యూబులు అంటారు. ఇంటి మీద డాబాకు తూములు ఉంటాయి గదా, అలాగన్నమాట.

ఒక నీళ్ల సీసా తీసుకుని ఒక్కో మూలా పోశాను. వెనక రెండు మూలల్లో పోస్తే చక్రాల పక్కన టపటపా కారాయి. కుడివైపు ముందు మూలలో కాస్త నెమ్మదిగా దిగాయి. ఎడమవైపు ముందు మూలలో పోస్తే దిగలేదు. కాలువ నిండింది, పొంగింది, పైకప్పు గుడ్డ వెనక నుంచి స్తంభం లోపలికి జారి, తివాచీ కిందికి పోయింది. నేరుగా పెట్టె మీదికి.

స్తంభం మీది ప్లాస్టిక్ ఊడదీసి ఆ గొట్టం బయటికి లాగాను. మూర కంటే పొడవుంటుంది, చిటికెన వేలంత లావు. కొస నోట్లో పెట్టుకుని ఊదితే కదల్లేదు. ఎయిర్ పైపు పెట్టి వదిలాను. ముద్ద ఒకటి వచ్చి గోడకు కొట్టుకుంది. నేను ఎండుటాకులో, దుమ్మో అనుకున్నాను. అది గులాల్, సంబరాలకు చల్లుకునే రంగుపొడి. ఎర్రటి గులాల్ నీళ్లలో నాని, పిండిలా గట్టిపడింది. అందులో బంతిపూల రేకలు. నాలుగైదు అక్షింతలు కూడా ఉన్నాయి, పసుపు రంగు ఇంకా పోలేదు.

నాకు ఊరేగింపు రోజు కళ్ల ముందు నిలబడింది. ఆ ఏడాది మొదట్లో సర్పంచ్ ఎన్నికలు. గెలిచింది అనసూయమ్మ. ఊరేగింపు ఇదే కారులో తీశారు. ఆమె లోపల ముందు సీటులో కూర్చుంది. సన్‌రూఫ్ తెరిచి సారు పైకి లేచి నిలబడ్డారు. డప్పులు, బాణాసంచా. మిద్దెల మీద నుంచి ఆడవాళ్లు పూలు, అక్షింతలు చల్లారు. కింద నుంచి మగవాళ్లు గులాల్ గుప్పిళ్లు విసిరారు. ఊరంతా తిరిగేదాకా ఆ కప్పు తెరిచే ఉంది. దావీదు స్టీరింగ్ దగ్గర కూర్చుని ఆయన మీద పడాల్సినదంతా తన తల మీద కూడా పడుతుంటే మెల్లగా నడిపాడు. మర్నాడు అతను కారు లోపల, బయటా తుడిచాడు. కాలువలో దిగిపోయిన పొడి అతనికి ఎలా కనబడుతుంది? ఎండాకాలమంతా అది పొడిగా కూర్చుని ఉంది. మొదటి వానకు ముద్దయింది. ఆ గులాల్‌లో నేను విసిరిన గుప్పిళ్లు కూడా ఉన్నాయి. రెండు.

సారును పిలిపించి చూపించాను. షట్టర్ సగం దించే ఉంది. ముద్దను ఆయన వేలితో నలిపి చూశారు. అక్షింత గింజను చూశారు.

"అంటే గా పిలగానిది తప్పు లేదంటవ్."

"లేదు సారూ. పైన సూడమని ఆ దినమే చెప్పిండు. నేనే సూడలె."

ఆయన చేతిని నా గుడ్డకు తుడుచుకున్నారు. "సరే. పనికి రమ్మని చెప్పు. కానీ గీ గులాల్ సంగతి బయట అనకు యాదగిరీ. నీ నోటికి దొరికితే ఊరుకోవు నువ్వు. నా ఊరేగింపును నవ్వులపాలు చేస్తవ్."

నాకు ఆ మాట గుచ్చుకుంది. నవ్వులపాలు కావడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. తనకు కాకూడదన్నంత బాగా తెలుసు.

దావీదు కోసం వాళ్ల ఊరికి పోతే పత్తి చేనులో మందు కొడుతున్నాడన్నారు. పోయాను. వీపు మీద స్ప్రే డబ్బా, ముఖానికి తువ్వాల, ఒంటి మీద పాత బనీను. వాళ్ల నాయిన చేసిన కూలి పనే. నన్ను చూసి కూడా సాలు చివరిదాకా కొట్టుకుంటూ పోయి, వెనక్కి తిరిగి వచ్చాడు. గట్టు మీద నిలబడి నేను అంతా చెప్పాను. గొట్టం, గులాల్, సారు ఒప్పుకోవడం.

"తప్పు నాదే దావీదూ. సారు రేపట్నించి రమ్మన్నడు."

అతను తువ్వాల కిందికి లాగాడు. "సారుకు యాడ చెప్పినవన్నా?"

"షెడ్డుల."

"ఎవరెవరుండిరి?"

"నేను, సారు."

"నన్ను అన్ననాడు ఎందరుండిరి?"

"నలుగురైదుగురు."

"గా ఐదుగురు యాభై మందికి చెప్పిండ్రు. మా బిడ్డను బడిల అడిగిండ్రంట, మీ నాయిన కార్లకు ముంచి తానం చేపిస్తడంట గదా అని. అది ఇంటికొచ్చి నన్ను అడిగింది, నిజమేనా నాయినా అని. నేను కాదన్న. నా మాట నమ్మిందో లేదో నాకు తెల్వదు." కోపంగా చెప్పలేదు. మందు డబ్బా ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "షట్టరు దించి ఒక్కనికి చెప్పొచ్చినవ్. నేను మళ్ల గా కారు ఎక్కితే, సారు జాలిపడి పెట్టుకున్నడు అంటరు. రానన్నా."

అతను మళ్లీ సాలులోకి దిగిపోయాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి నేను చాయ్ హోటల్‌కు పోయాను. గొట్టాన్ని, ముద్దను ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుని పోయాను. పన్నెండు మంది దాకా ఉన్నారు. జూన్‌లో నా షెడ్డులో ఉన్నవాళ్లలో ముగ్గురు కూడా ఉన్నారు. "దావీదు సంగతి చెప్పాలె" అని మొదలుపెట్టానో లేదో నవ్వులు మొదలయ్యాయి. ఇంకా ఏమీ చెప్పలేదు. నేను లేచి నిలబడ్డానంటే జోకు వస్తుందని వాళ్లకు అలవాటు. "కారుల నీళ్లు దావీదు పొయ్యలె" అన్నాను. ఇంకా పెద్దగా నవ్వారు. నేను ఎంత గట్టిగా చెబితే అంత నవ్వారు. ఇరవై ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు నాది. ఆ పొద్దున అదే నా మాటకు అడ్డం నిలబడింది.

డబ్బా తెరిచి ముద్దను టేబుల్ మీద బోర్లించాను. ఎర్రగా చాయ్ గ్లాసుల మధ్య పడింది. బంతిపూల రేకలు విడదీసి చూపించాను. గొట్టం ఎక్కడ ఉంటుందో, నీళ్లు ఎటు పోతాయో, దావీదు లేని మూడు నెలల్లో మళ్లీ నీళ్లెలా వచ్చాయో చెప్పాను. పైన చూడమని అతను అడిగాడని, నేను చూడకుండా మాట అన్నానని చెప్పాను. ఊరేగింపులో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నానన్నాను.

నవ్వులు ఒక్కటొక్కటిగా ఆగాయి. రసూల్ మామ అని ముసలి లారీ డ్రైవర్ ఒకాయన మాత్రం ఇంకా చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. "అయితే మరి జోకు ఏడున్నది యాదగిరీ?" అన్నాడు.

"లేదు మామా. గింతే."

ఆయన ఆ ముద్దను మళ్లీ చూశాడు. చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "గా పిలగాడు మూణ్నెల్లు ఖాళీగున్నడు గదరా" అన్నాడు, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

ఆ మాట సారుకు చేరడానికి గంట పట్టలేదు. ఆ తర్వాత ఆయన కారు నా షెడ్డుకు రాలేదు. వారం తర్వాత అనసూయమ్మ మాత్రం జపాన్ బండి తానే నడుపుకుంటూ వచ్చింది, బ్రేకులు చూడమని. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఓట్లు పడ్డది నాకు. గులాల్ పడ్డది ఆయనకు. నిందేమో దావీదు మీద పడె. చెప్పి మంచి పని చేసినవ్" అంది. ఆయనతో ఆమె ఏమందో నేను అడగలేదు.

ఇప్పుడు ఏ కారు నమ్మకం అని అడిగేవాళ్లకు అల్లుళ్ల జవాబు చెప్పడం మానేశాను. మామూలు రకం బండ్లు సాధారణంగా తక్కువ ఇబ్బంది పెడతాయి, అది నిజమే. వాటిలో చెడడానికి వస్తువులు తక్కువ. అనసూయమ్మ బండికి సన్‌రూఫే లేదు, దాని పెట్టెలు డ్యాష్‌బోర్డు వెనక ఎత్తులో ఉన్నాయి, పైగా పన్నెండేళ్లూ రేకుల కింద పడుకుంది. రెండోదానికి కప్పులో కిటికీ, నేల మీద మెదడు, పైన ఆకాశం. ఈ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనడం తేలిక. ఎవరు ఎలా వాడారో, ఎక్కడ నిలబెట్టారో, ఏ మూలలో ఏం ఇరుక్కుందో చూడకుండా అన్నానంటే నేను పని చేయనట్టే. లగ్జరీ కారు కొనేవాళ్లకు ఇప్పుడు ఒక్కటి తప్పక చెబుతాను. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందోసారి, పండగలు అయ్యాక ఒకసారి, సన్‌రూఫ్ నాలుగు మూలల్లో నీళ్లు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూసుకోండి.

నాకు నేను చెప్పుకునేది వేరే. నాకు జోకు దొరికిన చోట నేను వెతకడం ఆపేస్తాను. అది నా జబ్బు. దానికి స్కానర్ లేదు. అందుకని ఇప్పుడు బండి పూర్తిగా చూసేదాకా షెడ్డులో మాట్లాడను. మా ఆవిడ ఇది ఇంట్లో కూడా పాటించమంటోంది.

దావీదుకు నెల రోజుల్లో పని దొరికింది. రసూల్ మామే ఎవరికో చెప్పాడు. ఒక ప్రైవేటు బడి బస్సు. పిల్లల్ని ఎక్కించుకుని మూడు ఊళ్లు తిరగాలి. మళ్లీ తెల్ల చొక్కా. ఆ ఏడాది చివర్లో బ్రేకు లైనింగులు మార్చడానికి బస్సును నా షెడ్డుకే తెచ్చాడు. పని అవుతున్నంతసేపూ పక్కనే నిలబడి చూశాడు. వెళ్లేముందు నేను ఆగలేక అడిగాను.

"ఇగ నా మీద కోపం పొయినట్టేనా?"

"కోపం ఎప్పుడో పొయింది గానీ, మొన్న పెబ్బేరు కాడ ఒక లారీ ఆయన అడిగిండు. కారును నీళ్లల్ల ముంచింది నువ్వేనా అని."

"అందరి ముందట చెప్పిన గదా దావీదూ, హోటల్ల."

అతను బస్సెక్కి, అద్దం సరిచేసుకుని, నా వైపు చూడకుండానే అన్నాడు.

"జోకుకు డ్రైవర్ అక్కర్లేదన్నా, దానంతటదే ఊర్లు తిరుగుతది. నిజానికైతే డ్రైవర్ కావాలె. గా బండి నువ్వే తోలు."